ఒక ఉన్ని పోగు

ఎక్కించేశాను. ఇక నా చేతిలో ఏమీ లేదు. సూదిమొన మీద నిలిచేంత బొట్టు యంత్రం లోపలికి వెళ్ళిపోయింది, ఇక గంటసేపు అది అందులోని ఒక్కొక్క ప్రొటీన్ ముక్క బరువూ తూచి తెర మీద శిఖరాలు గీస్తూ పోతుంది, నేను ఈ తిరిగే కుర్చీలో కూర్చుని చూస్తుండాలి, అంతే. ఆమాటకొస్తే చూడక్కర్లేదు కూడా. ఇవాళ నేను రానే అక్కర్లేదు. పొడుగమ్మాయి, అదే, ఎలుకల గదికీ ఈ గదికీ మధ్య పొద్దస్తమానం తిరుగుతుండే మా జూనియరు, నిన్ననే చెప్పింది, ‘రేపైనా ఇంటి దగ్గర ఉండండక్కా, ఒక బొట్టు ఎక్కించడం నాకు రాదా ఏంటి’ అని. వచ్చు. నాకంటే బాగా వచ్చు, దాని చెయ్యి వణకదు. అయినా వచ్చాను. పారిపోయి వచ్చాను, దాచడం దేనికి. ఇంటి దగ్గర ఈపాటికి ఉడుత, అదే, మా ఇంటి పిల్ల, పెట్టె సర్దుకుంటూ ఉంటుంది, వాళ్ళ మేనత్త మంచం మీద కూర్చుని బట్టలు మడతలు పెట్టి అందిస్తూ ఉంటుంది, సాయంత్రం రైలుకి ఇద్దరూ వెళ్ళిపోతారు, ఇక అది వాళ్ళ అత్త ఇంట్లోనే పెరుగుతుంది, సెలవులకి ఇటు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నేను ఒక్క మాట అంటే ఆగిపోతుంది. నేను అనను. ఆ మాట అనడానికి నాకు హక్కెక్కడిది, నేనేమన్నా కన్నానా.

ఉడుత అన్నది వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఎక్కడా కుదురుగా కూర్చోదనీ, ఏది దొరికితే అది బుగ్గలో దాచుకుంటుందనీ. నేను ఆయన్ని చేసుకుని ఆ ఇంటికి వెళ్ళేసరికి దానికి తొమ్మిదేళ్ళు, అప్పటికే కుదురుగా కూర్చోవడం నేర్చేసుకుంది, తల్లి పోయిన పిల్లలు తొందరగా నేర్చుకుంటారు కాబోలు. ‘పిన్నీ అని పిలువు తల్లీ’ అని ఆయన అంటే మారు మాట్లాడకుండా పిలిచింది. అదే నాకు భయమేసింది. ఒక్కసారన్నా మొండికేసి ఉంటే బాగుండేది, బతిమాలుకునేదాన్ని, ఆ బతిమాలడంలోనైనా చనువు వచ్చి ఉండేది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఈ భవనంలోనే, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది, లోపల నేను, నా చేతిలో ఐసు డబ్బా, అందులో ఎలుక కండల ముక్కలు. ‘భయపడకండి మేడం, ఊపిరి నెమ్మదిగా తీసుకోండి’ అంది బయటి నుంచి ఒక గొంతు. ‘నా ఊపిరి సంగతి తర్వాత చూద్దాం గానీ నా ఐసు కరిగిపోతోంది, ముందు దాని సంగతి చూడండి’ అని అరిచాను. ఇంకొకరైతే దీనికి పిచ్చి అనుకుని నవ్వుకునేవాళ్ళు. ఆయన క్యాంటీన్‌కి వెళ్ళి సంచిడు ఐసు తెచ్చి, తలుపుల సందులోంచి గుప్పెడు గుప్పెడు నా డబ్బాలో పోసి, ఆ తర్వాత తీరిగ్గా లిఫ్టు బాగుచేశారు. ఆ గుప్పిళ్ళకే పడిపోయాను నేను. పోయిన చలికాలం ఒక పొద్దున పనికని వెళ్ళి, అక్కడే గుండె ఆగి కూలిపోయారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మేం ముగ్గురం. ఆయన పోయాక ఇద్దరం మిగిలాం, ఆ ఇద్దరం ఒకరికొకరం ఏమవుతామో చెప్పే మనిషి లేకుండా పోయాడు.

తెర మీద మొదటి శిఖరాలు లేస్తున్నాయి. చిన్నవి, పలచనివి, ఇప్పుడే ఏమీ చెప్పలేం. గది చల్లగా ఉంది, యంత్రానికి వేడి పడదు, దాని పంపు గోడ వెనకాల ఒకటే గుర్రు పెడుతోంది. మేం వెతుకుతున్నది ఒక ప్రొటీన్‌కి తోడుని. నరం వచ్చి కండని తాకే చోట ఆ ప్రొటీన్ ఉంటుంది, అది సరిగా లేని ఎలుకలు దేన్నీ పట్టుకోలేవు. తీగల జాలీ మీద వదిలి తోక పట్టి మెల్లగా వెనక్కి లాగితే మామూలు ఎలుక నాలుగు కాళ్ళతో తీగని బిగించి చచ్చినా వదలదు, ఎంత చిన్న వేళ్ళు, ఎంత పంతం. ఇవి మాత్రం పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోతాయి. ఈ ప్రొటీన్ ఒక్కటే ఆ పని చెయ్యలేదని, దీని చెయ్యి పట్టుకుని ఇంకేదో ఉందని మా అనుమానం. అందుకని కొన్ని ఎలుకల్లో దీనికి ఒక చిన్న గుర్తు తగిలించాం. వాటి కండని చల్లటి ద్రావణంలో నూరి, ఆ గుర్తుని మాత్రమే పట్టుకునే పూసలు వేస్తే, పూసలతో ఇది వస్తుంది, దీంతోపాటు దీన్ని పట్టుకున్నవి వస్తాయి. పెళ్ళికొడుకుని లాక్కొస్తే చుట్టాలంతా వెంట వచ్చినట్టు. చిక్కేమిటంటే చుట్టాల్లో కలిసి దారినపోయేవాళ్ళు కూడా వచ్చేస్తారు, అందుకే కడగాలి. ఎంత కడగాలన్న దగ్గరే మా ల్యాబు పెద్దాయనకీ నాకూ గొడవ. ‘ఉప్పు పెంచి గట్టిగా కడగమ్మా, అన్నీ పోగా నిలిచిందే నిజం’ అంటారాయన. గట్టిగా కడిగినన్నాళ్ళూ పూసల మీద ఏమీ నిలవలేదు. ‘గట్టిగా పట్టుకున్నవాళ్ళే సొంతవాళ్ళని ఎవరన్నారు సార్, మెత్తగా పట్టుకునేవాళ్ళు ఉండరా’ అన్నాను నేను. ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, ‘నువ్వు ప్రొటీన్ల గురించే మాట్లాడుతున్నావా’ అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని ఏమంటాం, పెద్దాయన. కానీ ఈసారి మెత్తగానే కడిగాను. దారినపోయేవాళ్ళెవరో తేలాలని గుర్తు లేని ఎలుకల కండని కూడా పక్కనే పెట్టుకుని అలాగే కడిగాను. గుర్తున్న ఎలుకలు ఇక లేవు, ఉన్నవాటితో చేసిన ఆఖరి బొట్టు ఇది. మీరు ఊరికే పోలేదే తల్లీ అని వాటికి చెప్పుకోవాలని ఉంటుంది నాకు, ఎవరూ లేనప్పుడు చెప్పుకుంటాను కూడా.

ఎవరూ లేనప్పుడు. మా ఇంట్లో అన్నీ ఎవరూ లేనప్పుడే. ఆయన పోయాక ఉడుత నా ముందు ఏడవలేదు, నేను దాని ముందు ఏడవలేదు. అది స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పేది, అది బయటికొచ్చాక నేను వెళ్ళి తిప్పేదాన్ని, కింది అంతస్తు ముసలాయన తలుపు కొట్టి మీ పైపు గానీ పగిలిందా అని అడిగాడు పాపం. లేదండీ అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆ ఒక్కసారి ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వబోయాం, నవ్వితే ఏమవుతుందోనని ఊరుకున్నాం. ఇంకోసారి వాళ్ళ బడికి వెళ్ళాను. టీచరమ్మ దాని లెక్కల పేపరు నా ముందు పెట్టి, ‘మీ అమ్మాయికి తెలివికేం తక్కువ లేదండీ, నోరే లేదు, అచ్చం అమ్మ పోలికే’ అంది. నేను ఉడుత వైపు చూశాను. కాదు, ఈవిడ మా అమ్మ కాదు అంటుందని. అది తన బూట్ల తాళ్ళు చూసుకుంటూ కూర్చుంది. దిద్దలేదు. ఆ దిద్దకపోవడాన్ని నేను ఇంటికొచ్చేదాకా జాగ్రత్తగా మోసుకొచ్చాను, వచ్చాక మళ్ళీ అనుమానం, దిద్దడమెందుకు, పోనిద్దూ అనుకుందేమో. నాకు ఎలుకల కండలో ఏది దేన్ని పట్టుకుందో కనిపెట్టడం వచ్చు. ఎదురుగా బల్ల ముందు కూర్చున్న పిల్ల సంగతే బొత్తిగా తెలియదు.

శిఖరాలు ఒత్తుగా వస్తున్నాయి ఇప్పుడు. బాగుంది, శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉండకేం, చేసింది నేను. ఈ పనికి పెద్ద శత్రువు మనిషి ఒంటి మీది నూగే. వెంట్రుక, గోరు, చర్మపు పొట్టు, ఉన్ని, వీటన్నిటిలో ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్. కంటికి కనబడని పోగు ఒకటి గొట్టంలో పడిందంటే చాలు, దాని గోలలో ఎలుక చెప్పేది వినబడదు. మనుషుల కెరటిన్ ఎంత జాగ్రత్తపడ్డా కాస్త వస్తూనే ఉంటుంది, దాన్ని చూసీ చూడనట్టు పోతాం. ఉన్ని అలా కాదు, అది ఎవరో ఒంటి మీద వేసుకుని మోసుకొస్తేనే వస్తుంది. అందుకే ఈ అంతస్తులోకి ఎవరైనా ఉన్ని తొడుక్కుని వస్తే తలుపు దగ్గరే ఆపేస్తాను, చలికాలంలో పాపం చొక్కా మీద చొక్కా వేసుకుని వణుకుతుంటారు. నా వెనకాల ఉన్ని పోలీసు అంటారట. అననీ. ఇంట్లోనూ పోలీసునే. ఆయనదొక బూడిదరంగు స్వెట్టరు ఉంది, ఉడుత వాళ్ళమ్మ అల్లింది, మోచేతుల దగ్గర అరిగిపోయి గుర్తుపట్టలేని రంగులోకి తిరిగింది. ఆయన పోయిన మర్నాటి నుంచి దాన్ని ఉడుత తొడుక్కుంటోంది. చేతులు ఇంత పొడుగున వేలాడుతుంటాయి. ఉతుకుతానంటే ‘వద్దు పిన్నీ, నాన్న పోతాడు’ అంది. నాన్న వాసన అని కూడా అనలేదు, నాన్న అనేసింది. ఇక నేనేం ఉతుకుతాను. ‘ఉతకను గానీ నువ్వు అది వేసుకున్నప్పుడు నా మీద పడకు, నా బట్టలకి నూగు అంటుకుంటే పని పాడవుతుంది’ అన్నాను. సరే పిన్నీ అంది. ఆ సరే ఎంత సరేనో. పొద్దున నేను బయల్దేరేటప్పుడు తన గది గుమ్మంలో నిలబడి, చేతులు రెండూ ఆ పొడుగు చేతుల్లో దాచుకుని, ‘వెళ్ళొస్తావా పిన్నీ’ అంటుంది. నేను చెప్పుల దగ్గర నిలబడి వెళ్ళొస్తానమ్మా అంటాను. మొదట్లో అది నేను పెట్టిన నియమమే అనుకున్నాను. పోనుపోను సెలవు రోజున కూడా అది అక్కడే, నేను ఇక్కడే. కావాలనుకున్న పిల్ల అయితే ఎన్ని చెప్పినా వచ్చి మీద పడదూ? మరి నేను వెళ్ళానా అంటే, ఏమని వెళ్ళను, గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి నిన్ను పట్టుకోనా అమ్మా అని అడుగుతానా.

వదిన అదే అంది పొద్దున వంటింట్లో. ఆయన అక్కగారు, మంచి మనిషి, చెడ్డదైనా బాగుండేది, పోట్లాడేదాన్ని. ‘నేను తీసుకుపోవడానికి రాలేదే అమ్మాయ్, అడగడానికి వచ్చాను. మా పిల్లలతో కలిసి పెరుగుతుంది, నీకూ కాస్త ఊపిరి సలుపుతుంది అనుకున్నాను. ఉంచుకుంటానన్నావంటే నాకు అంతకంటే ఏం కావాలి. నీ మనసులో ఏముందో చెప్పు.’

‘దాని ఇష్టం వదినా’ అన్నాను.

‘దాన్నీ అడిగాను. పిన్ని ఎలా అంటే అలా అంది.’

‘నేనూ అంతే. అదెలా అంటే అలా.’

వదిన నెత్తి కొట్టుకుంది. ‘ఇద్దరూ సరిపోయారు! ఒకళ్ళు నోరు విప్పరు, ఇంకొకళ్ళు నోరు తెరవరు. ఉండమని నువ్వు అడక్కపోతే ఉండాలని దానికెలా తెలుస్తుందే?’ నేను సింకు దగ్గరికి వెళ్ళి కప్పు కడిగాను. కడిగిన కప్పునే మళ్ళీ కడిగాను. అడిగితే కాదనలేక ఉంటుంది, అదే నా భయం. సరే పిన్నీ అంటుంది, ఆ గుమ్మంలోనే నిలబడి పెద్దదైపోతుంది. అంతకంటే అక్కడ, ఆ పిల్లల మధ్య, ఎవరో ఒకరు రోజూ జుట్టు పట్టి లాగుతూ, నవ్విస్తూ ఉండగా పెరగడం మంచిది కాదూ? వదిన మొన్న రాత్రి ఫోన్ చేసి ఉడుత కోసం వస్తున్నానని చెప్పినప్పుడే ఇదంతా ఆలోచించుకున్నాను. సోఫాలో కూర్చుని ఆలోచించి ఆలోచించి అక్కడే నిద్రపోయాను, ల్యాబు బట్టలు కూడా మార్చుకోలేదు. కిటికీ బార్లా తెరిచి ఉంది, నిన్న పొద్దున లేచేసరికి గచ్చు ఐసుముక్కలా ఉంది. మామూలుగా అయితే మెడ పట్టెయ్యాలి, ముక్కు కారిపోవాలి. ఏమీ లేదు. ఎన్నాళ్ళ తర్వాతో వెచ్చగా, హాయిగా నిద్రపట్టింది, కప్పుకుందామన్నా పక్కన దుప్పటి కూడా లేదు. దుఃఖం కూడా మనిషిని వెచ్చగా ఉంచుతుందేమో అనుకున్నాను, ఏం తెలివి. ఆలస్యమైపోతోందని ముఖాన ఇన్ని నీళ్ళు చల్లుకుని, ఒంటి మీది బట్టలతోనే పరిగెత్తుకొచ్చి, కండ నూరి, కడిగి, ప్రొటీన్లని చిన్న ముక్కలుగా కోసే ఎంజైము కలిపి రాత్రంతా ఉంచాను. ఆ బొట్టే ఇది.

ఇదేంటి.

ఇదేంటిది, ఇంత లావు శిఖరం. దాని పక్కన ఇంకొకటి. ఈ యంత్రం ముందు కూర్చుని కూర్చుని కొన్ని శిఖరాలని ముఖం చూసి గుర్తుపట్టేస్తాను, ఎదురింటివాళ్ళని గుర్తుపట్టినట్టు. ఇది మనిషి కెరటిన్ కాదు. దాని మీద నొక్కి పేరు చూశాను. గొర్రె. సందేహమే లేదు, గొర్రె ఉన్ని. ఆఖరి ఎలుకలు, ఆఖరి బొట్టు, అందులో ఉన్ని! తలుపు తీసి వరండా అంతా వినబడేట్టు అరిచాను, పొడుగమ్మాయి గ్లవుజులతోనే పరిగెత్తుకొచ్చింది.

‘ఎవరే ఉన్ని వేసుకొచ్చింది? ఎలుక కండలో గొర్రె ఎక్కడి నుంచి వచ్చింది? ఎలుకకి గొర్రె పుట్టిందా?’

‘నా మీదొట్టక్కా, నేను నూలు. కావాలంటే చూసుకోండి.’ కోటు విప్పి మరీ చూపించింది. ‘అయినా నిన్న నన్ను మీరు ఆ బల్ల దగ్గరికే రానివ్వలేదు కదక్కా. మొత్తం మీరే చేసుకున్నారు.’

పొద్దున ఎక్కించిన గుర్తు లేని కండది తీసి చూశాను, అప్పుడు నా మనసు ఇక్కడ లేదు, చూసుకోలేదు. అందులోనూ ఉంది గొర్రె. రెండింట్లోనూ చెయ్యి పెట్టింది నేనొక్కదాన్నే. నేనా? నేను ఉన్ని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. నా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఉన్ని, అది నా దగ్గరికి రాదు, రావద్దని నేనే చెప్పాను. మెడ పట్టలేదు. ముక్కు కారలేదు. కిటికీ తెరిచే ఉంది. వెచ్చగా నిద్రపట్టింది. అయ్యో, అయ్యో నా తల్లి. వచ్చింది. నేను నిద్రపోయాక ఆ గుమ్మం దాటి వచ్చింది, వచ్చి, ఎవరినీ తాకనివ్వని ఆ స్వెట్టరు ఒంటి మీంచి తీసి నా మీద కప్పింది, తను అది లేకుండా పడుకుంది. మళ్ళీ నేను లేవకముందే వచ్చి తీసుకుపోయింది, పోలీసు లేస్తే తిడుతుందని. నా బట్టలన్నీ ల్యాబు బట్టలే. అది ఏ సెలవు రోజున నా దగ్గరికి రావాలి? నన్నెప్పుడు పట్టుకోవాలి అది? నేను నిద్రపోయినప్పుడే కదా.

‘అక్కా, ఏడుస్తున్నారా? ఏం పోలేదక్కా, రెండింట్లోనూ ఉందిగా, తీసి పక్కన పెట్టేద్దాం’ అంటోంది పొడుగమ్మాయి నా భుజం మీంచి తెర వైపు వంగి. ‘అక్కా, ఇదిగో, ఇది చూడండి! ఇది పొద్దుటి దాంట్లో లేదు. మెత్తగా కడిగితే నిలిచింది అక్కా, మన చుట్టం ఇదే!’ ఏడాది నుంచి దీనికోసమే చూస్తున్నాను. తర్వాత చూస్తానే అన్నాను. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళి ఇంటికి చేశాను. ఎత్తింది ఉడుతే.

‘మొన్న రాత్రి నీ స్వెట్టరు నా మీద కప్పావా?’ అన్నాను.

చిన్న గొంతుతో, ‘ఎలా తెలిసింది?’

‘యంత్రం చెప్పింది.’

‘నూగంతా ఏరేశాను పిన్నీ. టార్చి వేసుకుని మరీ ఏరాను. నీ చొక్కా మీది, మెడ మీది, జుట్టులోది కూడా. కూర్చుని ఒక్కొక్కటే తీశాను, నువ్వు లేవలేదు. మిగిలిపోయిందా? నీ పని పాడైపోయిందా?’ దాని గొంతులో ఏడుపు వచ్చేస్తోంది. ‘ఇంకెప్పుడూ కప్పను పిన్నీ. అత్త ఫోన్ చేసింది వినబడింది, ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా అని ఒక్కసారి కప్పాను.’

గోడకి ఆనుకున్నాను. వరండాలో ఎవరో నన్ను చూస్తూ వెళ్ళారు, వెళ్ళనీ.

‘వెళ్ళకే’ అన్నాను. ‘ఉడుతా, నువ్వు వెళ్ళకు. నాకు నువ్వు కావాలి. నా దగ్గరే ఉండిపో అమ్మా, నిన్ను అడుగుతున్నాను.’

అటువైపు ఏదో కింద పడిన చప్పుడు. ఫోన్ చేతిలోనే ఉంది, నోరు మాత్రం పక్కకి తిప్పి, ఆ ఇంట్లో ఇన్నాళ్ళలో నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది.

‘అత్తా! అడిగింది! పిన్ని నన్ను అడిగింది!’